గాలాడే అంగీ

పెండ్లి సూటు కొలతలకొచ్చిన పిలగాడు
కౌంటరు మీద మరిచిపోయిండు.
అగ్గిపెట్టెల సగముంటది.
మూత లేపితే లోపల ఆకుపచ్చ పొరలు
ఒకదాని మీదొకటి పండుకున్నయి.

నలభై ఏండ్ల సంది బట్ట పట్టిన చెయ్యి నాది.
చీకట్ల గూడ పాప్లినేదో టెరికాటనేదో చెప్తది.
బొటనేలికి చూపుడేలికి నడుమ పెట్టి రుద్దిన.
పడుగు లేదు, పేక లేదు.
ఉల్లిపొర కంటే పల్చన.
సూది పెడితే సచ్చేటట్టుంది.

కాజాలు కుట్టుకుంటనే షఫీ నవ్విండు.
"నాలిక మీద పెట్టుకో మాస్టర్.
నమలకు, మింగకు. అదే పోతది."

అదే పోవుడేంది?
నా నోటికి తెలిసినవి ఏవీ వాటంతటవి పోలే.
పెదవుల నడుమ గుండుసూదులు,
తడిపి మొన తేల్చిన దారం కొస,
పగటీలి డబ్బాల జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం,
గుద్ది పలగ్గొట్టిన పచ్చి ఉల్లిగడ్డ,
దాని మీద ఇరానీ చాయ్, ఆ చాయ్ మీద బీడీ.

పెట్టుకున్న.
ముందు ఏం లేదు.
తర్వాత ఒక్కపారి
డిసెంబర్ల, తెల్లారుగట్ల నాలుగింటికి
కాచిగూడ స్టేషన్ల బండి దిగినట్టు
ముక్కులకెల్లి చెవుల దాకా చలి.
కండ్లల్ల నీళ్లు తిరిగినయి.
అరచేతిల ఊదుకొని వాసన చూసిన.
నా ఊపిరి నాది లెక్క లేదు,
ఎవరో కిరాయికి దిగినట్టుంది.
నాలికతోని దేవులాడిన, అంగిట్ల లేదు,
పండ్ల సందుల లేదు.
కత్తిరించిన పీలిక గూడ మిగలకుండ
గుడ్డ గుడ్డే మాయం.

అప్పుడు యాదికొచ్చింది.
కాలరు కొలుస్తుంటే ఆ పిలగాడు
మొకం అటు తిప్పిండు.
ఛాతికి టేపు చుట్టంగనే ఊపిరి బిగబట్టిండు.
అందరికి అన్నట్టే అన్న,
"పహిల్వాన్ లెక్క పొంగకు బాబూ, మామూలుగ ఇడువు."
ఇడువలే.
నేను టేపు తీసి రెండడుగులు ఎనక్కి జరిగినంక
అప్పుడు ఇడిసిండు.

వాడొక్కడేనా?
బ్యాంకుల చేసే చంద్రమౌళి సారు
గోడకున్న క్యాలెండరు సదువుతుండె, నిరుడుదైనా సరే.
కాలేజీ జోసఫ్ సారు
ప్రతిసారి రుమాలు తీసి తుమ్మబోతుండె,
ఒక్కసారన్నా తుమ్మలే.
ఇంట్ల మా సక్కుబాయి
పెండ్లైన రెండో ఏడు నుంచి గోడ దిక్కే తిరిగి పంటది.
ఫ్యాను గాలి అటే ఎక్కువొస్తదేమో అనుకున్న.

ఎర్ర అట్టల ఖాతా బుక్కులు దించిన, పద్నాలుగు.
ముప్పై ఎనిమిది, నలభై, నలభై రెండున్నర.
అన్నీ బిగబట్టిన ఊపిర్లే.

మరి నింబోలిఅడ్డల నాకంత పేరెట్లొచ్చింది?
"రామ్‌చందర్ మాస్టర్ కుడితే అంగీ గాలాడుతది,
ఎండకాలం ఒంటికంటదు" అని
సికింద్రాబాద్ కెల్లి గూడ వచ్చేటోళ్లు.
ఆ అంగుళం వదులు
నా చేతి పనితనం అనుకున్న.
నోటి పనితనం.

నవ్వొచ్చింది. నవ్వు గూడ సల్లగనే వచ్చింది.
సగంల ఆగిపోయింది.

షఫీని లేపి నిలబెట్టిన.
"ఊపిరి ఇడువు."
"ఇడిసిన మాస్టర్."
ముప్పై ఆరు.
పోయిన రంజానుకు రాసుకున్నది ముప్పై ఏడుంబావు.
వాడు సూదిల దారం ఎక్కిచ్చుకుంట
నా దిక్కు చూడలే.

సుద్దముక్క పట్టుకొని
పిలగాని నల్లబట్ట ముందు చానా సేపు నిలబడ్డ.
గీత ఎక్కడ గీయాలె?
ఆఖరికి ఫోన్ జేసిన.
"బాబూ, ఛాతి కొలత ఇంకోపారి ఇచ్చిపో.
నీ పుదీన డబ్బా గూడ ఈడనే మరిచినవ్."

"రేపొస్తా అంకుల్" అన్నడు.
"ఆ డబ్బా మాత్రం మీరే ఉంచుకోండి" అన్నడు.

జర తొందరగనే అన్నడు.